కుడివైపు మేకు

ఆ ప్రార్థన మందిరంలో అడుగుపెట్టగానే ఎడమచేతి గోడ మీద ఒక చెక్క పలక కనిపిస్తుంది. మనిషి చేతులు రెండూ బారచాపినంత పొడవు. దాని మీద రెండువైపులా వరసలు వరసలుగా మేకులు. ఎడమవైపు మేకులకు వేలాడేవి విన్నపాలు. కుడివైపు వేలాడేవి స్తుతులు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే పేరు, వీధి, ఇంటి గుర్తు ఒక కార్డు మీద రాసి ఎడమవైపు తగిలిస్తారు. ప్రార్థన ఫలించిందని నమ్మకం కుదిరిన రోజున ఆ ఇంటి మనిషే అందరి ఎదుటా లేచి వెళ్లి, కార్డు తీసి కుడివైపుకి మార్చాలి. మార్చగానే మందిరమంతా చప్పట్లతో మారుమోగిపోతుంది.

పలక చేయించింది సంఘ పెద్ద. తపాలా కార్యాలయంలో ముప్పై ఏళ్లు ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. లోకంలో ప్రతిదానికీ ఒక గడి ఉండాలంటాడు. చాటున అందరూ ఆయన్ని మేకుల మావయ్య అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం పరామర్శ బృందం ఆడవాళ్లు వచ్చి ఎడమవైపు కార్డులు చూసుకుని, ఎవరు ఏ ఇంటికి ఏ రోజు వెళ్లాలో పంచుకుంటారు. కుడివైపు కార్డుల జోలికి వెళ్లరు. బాగైన వాళ్ల దగ్గరకు వెళ్లి చేసేదేముంది? ఒకసారి కుడివైపు వెళ్లిన కార్డు తిరిగి ఎడమవైపు వచ్చింది లేదు. రాకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు. రాసే అవసరం ఎవరికీ రాలేదంతే.

బైండింగాయన తన భార్య కార్డును తన చేత్తోనే కుడివైపుకి మార్చాడు. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఇరవై రెండేళ్లుగా అతనిది సూది, దారం, జిగురు బతుకు. ఒక అచ్చాఫీసు వెనక సందులో, పగలు కూడా దీపం వేసుకోవాల్సిన గదిలో, ఆఫీసు రిజిస్టర్లూ కాలేజీ పుస్తకాలూ కుట్టి అట్టలు వేస్తాడు. మందిరంలో వాళ్ల బైబిళ్లు చినిగిపోతే ఊరికే బాగుచేసి ఇస్తాడు. వాటిని చేతిలోకి తీసుకోగానే చెప్పేస్తాడు, ఈ మనిషి కీర్తనల దగ్గర ఏడ్చాడు, ఈ మనిషి యోబు దాటి రాలేకపోయాడు అని. ఎక్కువ తెరిచిన చోట వెన్ను విరిగి, పుస్తకం దానంతట అదే అక్కడ తెరుచుకుంటుంది.

"మరి మీదో?" అని భార్య ఒకసారి అడిగింది.

"నాది ఎప్పుడు చూసినా గట్టిగానే ఉంటుంది. బైండరు పుస్తకం కదా."

"తెరిస్తే కదండీ విడిపోవడానికి!" అని ఆమె పకపకా నవ్వింది.

ఆమెది నిజంగానే విడిపోయిన పుస్తకం. ఆమెను మందిరంలో పలకరింపుల అక్క అనేవాళ్లు. పరామర్శ బృందానికి ఆమే పెద్ద. భుజానికి ఒక గుడ్డసంచి తగిలించుకుని వారంలో నాలుగు రోజులు ఇల్లు పట్టకుండా తిరిగేది. అతను పని నుంచి వచ్చేసరికి ఒక్కోరోజు తాళం వేసి ఉండేది.

"మావయ్య పలక మీద ఆరు కార్డులుంటే నువ్వు పదహారు ఇళ్లు తిరుగుతున్నావు. ఎన్నికల్లో గానీ నిలబడతావా ఏంటి?"

"నిలబడితే ఓటేస్తారా?"

"ముందు టీ పెట్టు. తర్వాత ఆలోచిస్తా."

ఆ పదహారు లెక్క అతను వేళాకోళానికి అన్నదే. నిజమని అతనికి తెలియదు.

నడుంనొప్పితో మొదలైంది. ఇంటి పనీ తిరుగుడూ ఎక్కువై పట్టేసిందనుకున్నారు. పరీక్షల తర్వాత డాక్టరమ్మ కాగితాలు బల్ల మీద పెట్టి, జబ్బు ఎముకల్లోకి పాకిందని చెప్పింది. నొప్పి తగ్గించడానికి మందులున్నాయంది. తక్కిన దానికి ఏమీ అనలేదు. అతను ఆసుపత్రి నుంచి సరాసరి మందిరానికి వెళ్లి, ఎడమవైపు మూడో మేకుకు కార్డు తగిలించాడు. ఆమె పేరు తన చేత్తో రాసేటప్పుడు అక్షరాలు వంకరపోయాయి.

ఆ మూడు నెలలూ ఇంట్లో మనుషుల సందడి ఆగలేదు. పిల్లలు లేని ఇల్లు. అతను పొద్దున ఎనిమిదింటికి వెళితే సాయంత్రం అయిదున్నరకు గానీ రాడు. ఉన్న సెలవులన్నీ ఆసుపత్రికే అయిపోయాయి. అయినా దిగుల్లేదు. సోమవారం ఒకరు, మంగళవారం ఒకరు. ఒకరు ఒళ్లు తుడిచేవారు, ఒకరు అన్నం కలిపి పెట్టేవారు, ఇంకొకరు పక్కన కూర్చుని వాక్యం చదివేవారు. చదవడం రానిది ఒకామె ఉండేది. ఆమె కబుర్లు చెప్పేది. పలకరింపుల అక్కకు అన్నిటికంటే ఆ కబుర్లే ఎక్కువ నచ్చేవి.

"నిన్న ఏం చెప్పిందో తెలుసా? మేకుల మావయ్య చొక్కా గుండీలు కూడా వరస తప్పకుండా లెక్కపెట్టి పెట్టుకుంటాడట!" అని నవ్వబోయి నడుం పట్టుకునేది.

నాలుగో నెలలో ఒక మంచి వారం వచ్చింది. మందు మార్చారు. నొప్పి తగ్గింది. ఆమె గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచింది. కిటికీ దగ్గర నిలబడి, "మీ బట్టలు ఎవరు ఆరేశారండీ? తిరగేసి వేశారు," అంది. అతనికి ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారం పాస్టరుగారి ప్రసంగం, చూడకముందే పుచ్చుకున్నామని నమ్మడం గురించి. కళ్లకు కనబడ్డాక కృతజ్ఞత చెప్పడం ఎవరైనా చేస్తారనీ, కనబడకముందే చెప్పడమే విశ్వాసమనీ అన్నారు. ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు. కానీ బైండింగాయన చూపు పలక మీదికి పోయింది. తన భార్య కార్డు అంచులు నల్లబడ్డాయి. దాని తర్వాత వచ్చిన కార్డులు నాలుగు కుడివైపుకి వెళ్లిపోయాయి. ఇది మాత్రం అక్కడే వేలాడుతోంది, ఎవరూ వచ్చి తీసుకువెళ్లని సామానులాగా. అందరి పుస్తకాలూ బాగుచేసేవాడి ఇంట్లో ప్రార్థన ఎందుకు ఫలించదని ఎవరైనా అనుకుంటున్నారేమో. అతను లేచాడు. కార్డు తీశాడు. పలక ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగడుగులు నడిచి, కుడివైపు మేకుకు తగిలించాడు.

చప్పట్లు మోగాయి. పాస్టరుగారు వచ్చి కౌగిలించుకున్నారు. మేకుల మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. అతను జీవితంలో ఎప్పుడూ అంత తేలిగ్గా ఇంటికి నడవలేదు.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. అతను జరిగింది చెప్పాడు.

"నన్నొక మాట అడగాల్సింది."

"అదేంటి? సంతోషం లేదా నీకు?"

"ఉందండీ." దుప్పటి అంచు సరిచేసుకుంది. "ఇంక వాళ్లు రారు."

"ఎందుకు రారు? నిన్నగాక మొన్న వచ్చారు కదా."

ఆమె అతన్ని ఒకలా చూసింది. పసిపిల్లాడిని చూసినట్టు.

సోమవారం ఎవరూ రాలేదు. పండో ఫలమో పట్టుకుని స్తుతులు చెప్పడానికి మంగళవారం ఇద్దరు వచ్చారు. గుమ్మంలోనే నిలబడి దేవునికి స్తోత్రం చెప్పి, "లేచి తిరుగుతున్నావా అక్కా, ఎంత మేలు!" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంటి తలుపు అతను తెరిస్తేనే తెరుచుకుంది.

మంచి వారం కాస్తా వెళ్లిపోయింది. నొప్పి తిరిగి వచ్చింది, ఈసారి కాళ్లలోకి దిగింది. అతను పొద్దున ఒళ్లు తుడిచి, మంచినీళ్లూ మాత్రలూ చేతికందేలా పెట్టి, తలుపు బయట గొళ్లెం పెట్టి వెళ్లేవాడు. పగలంతా ఆమెకు తోడు గోడ మీద గడియారం, తన బైబిలు. వెల్లకిలా పడుకుని చదువుతుంటే విడిపోయిన కాగితాలు ముఖం మీద రాలేవి.

"దీన్ని కుట్టి పెట్టండి. పేతురు నా ముక్కు మీద పడుతున్నాడు," అంది ఒకరోజు.

"రేపు పట్టుకెళతా."

రేపు రేపు అంటూ వారాలు గడిచాయి.

ఒక సాయంత్రం గొళ్లెం తీసేసరికి ఆమె నేల మీద ఉంది. గ్లాసు మంచం కిందికి దొర్లిపోయింది. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. పొద్దున పదింటికి గ్లాసు కోసం వంగి జారిందట. అప్పటి నుంచీ అలాగే.

"అరిచావా?"

"అరిచాను. కింద వాటా వాళ్లు పనికి పోయారు కదా." పెదవులు ఎండిపోయి మాట అంటుకుపోతోంది. "తర్వాత పాడుకున్నాను. తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు."

అతను ఆమెను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో ముఖం తుడిచి, వంటగదిలోకి వెళ్లి గోడకేసి తల బాదుకున్నాడు.

మర్నాడు పనికి పోతూ పరామర్శ బృందంలో ఒకామె ఇంటి దగ్గర ఆగాడు. ఆమె టైపిస్టు. మంగళవారాలు వచ్చి ఒళ్లు తుడిచేది ఆమే.

"చెల్లెమ్మా, మీ అక్క మంచం దిగలేకపోతోంది. పగలు ఎవరైనా..."

"అయ్యో అన్నయ్యా, అలా అనకండి!" ఆమె నిజంగానే అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "ఆ మాట నోటితో పలకకండి. పుచ్చుకున్నదాన్ని పారేసుకున్నట్టవుతుంది. నేను రోజూ స్తుతిస్తున్నాను, ఒట్టు. అక్క పూర్తిగా లేస్తుంది, చూడండి. నేనొచ్చి ఒళ్లు తుడిస్తే దేవుణ్ణి నమ్మనట్టు కాదూ?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రేమ లేక కాదు. ఆమెను కసురుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది.

ఆ ఆదివారం పాట అయ్యాక, ప్రసంగం మొదలుకాకముందు, అతను లేచాడు. అందరూ ఇంకో సాక్ష్యం చెబుతాడనుకుని నవ్వుముఖాలతో తిరిగారు. అతను కుడివైపు మేకు నుంచి కార్డు తీశాడు. నాలుగడుగులు నడిచాడు. ఎడమవైపు తగిలించాడు. మేకుకు కార్డు రంధ్రం ఒక పట్టాన దొరకలేదు. మందిరంలో ఒక బిడ్డ ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు.

"బాగవలేదండి," అన్నాడు. "నేను తొందరపడ్డాను. ఆమె పడిపోయింది. ఒక్కతే ఉంటోంది." కూర్చున్నాడు.

పాస్టరుగారు మంచి మనిషి. కాసేపు కళ్లు మూసుకుని, "మన సహోదరుడు అలసిపోయాడు. అతని అపనమ్మకానికి సహాయం చేయమని అడుగుదాం," అని ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో అతని గురించి చాలా ఉంది. ఆమె గురించి ఒక్క ముక్క లేదు.

సోమవారం ఎవరూ రాలేదు. శుక్రవారం దాకా చూశాడు. శనివారం అరపూట జీతం వదులుకుని, బృందం పంచుకునే వేళకు మందిరానికి వెళ్లాడు. ఆడవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. మేకుల మావయ్య ఒక్కడే గుడ్డతో పలక తుడుస్తున్నాడు. భార్య కార్డు కుడివైపు ఉంది.

"ఎవరు మార్చారు?"

"నేనే."

"మీకేం హక్కుంది మావయ్యా? అది నా భార్య కార్డు. ఆమె అక్కడ నీళ్లకు నోచుకోక పడి ఉంటే మీకు మేకులు ముఖ్యమా? ఉత్తరాలనుకున్నారా మనుషుల్ని, గడిలో పడేసి పోవడానికి?"

ముసలాయన గుడ్డను నాలుగు మడతలు వేశాడు. కుడివైపు పై వరసలో, మూలమీది మేకు నుంచి ఒక కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు. పసుపుపచ్చగా మారిపోయిన కార్డు. పేరుకు బదులు "మా అమ్మాయి" అని ఉంది. వీధి ఉండాల్సిన చోట మనసు చెదిరినవాళ్ల ఆసుపత్రి పేరు, దాని మీద ఒక అడ్డగీత.

"పదకొండేళ్లయింది," అన్నాడు. "నీలాగే. ఒక మంచి వారం. ఆ వారం నాన్నా అని పిలిచింది. పరుగెత్తుకొచ్చి మార్చేశాను. అడ్డగీత కూడా నేనే కొట్టాను."

"ఇప్పుడు?"

"అక్కడే ఉంది. నన్ను గుర్తుపట్టదు. నేను వెళ్లడం మానేశాను." ముసలాయన గొంతు సన్నబడిపోయింది. "నీది వెనక్కి వస్తే నాదీ రావాలి కదయ్యా. అందరూ అటు చూసి అడుగుతారు, మరి మీ అమ్మాయి సంగతేంటి అని. ఆ కార్డు అక్కడ ఉన్నంతసేపూ నా బిడ్డ బాగున్నట్టే నాకు. ఆ ఒక్క అబద్ధం మీద నిలబడి ఉన్నాను." పక్కకు తప్పుకున్నాడు. "నీ ఇష్టం. మార్చుకో. నేను అడ్డురాను. ఈసారి ముట్టుకోను కూడా."

అతను పలక ముందు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తితే అందే దూరం. భార్య కార్డు మీద వంకర అక్షరాలు కనబడుతున్నాయి. ముసలాయన ఊపిరి వెనక నుంచి వినబడుతోంది, మెట్లెక్కి వచ్చినవాడి ఊపిరిలా. అతను ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. చివరికి ఆ పసుపుపచ్చ కార్డును దాని మేకుకే తగిలించి, భార్య కార్డును ముట్టుకోకుండా బయటికి వచ్చేశాడు.

ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెబితే ఆమె మెచ్చుకుంటుందని ఎక్కడో ఒక మూల ఆశ.

"ఆ పిల్లకి జడ వేయించుకోవడం ఇష్టం," అంది ఆమె కప్పుకేసి చూస్తూ. "నేను వెళ్లి ఆరు నెలలు దాటింది. ఎవరు దువ్వుతున్నారో ఏమో."

"నువ్వు అక్కడికి వెళ్లేదానివా?"

"నెలకొకసారి. మావయ్యకు చెప్పకండి."

తర్వాత చాలాసేపటికి, అతను గిన్నెలు కడుగుతుంటే, గదిలోంచి మాట వినబడింది. "అందరి మీదా జాలిపడ్డారు. నాకెవరొస్తారండీ?"

అతని చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. కోపంగా అని ఉంటే బాగుండేది. ఊరికే అడిగింది, వాన వస్తుందా అని అడిగినట్టు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ప్రార్థన చేయాలని కూర్చున్నారు. అతను కళ్లు మూసుకున్నాడు. ప్రభువా అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. బావిలోకి రాయి వేసి చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టు ఇద్దరూ అలా కూర్చున్నారు. చప్పుడు రాలేదు.

వచ్చింది ఒక్కరే. బుధవారం సాయంత్రం అతను వచ్చేసరికి గొళ్లెం తీసి ఉంది. మంచం పక్కన స్టూలు మీద ఇస్త్రీ అత్త కూర్చుని ఉంది. ఒకప్పుడు నాలుగు వీధుల బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి. చేతుల వణుకు జబ్బు వచ్చి పెట్టె ముట్టుకోవడం మానేసింది. మూడేళ్ల కింద ఒక ఆదివారం ప్రార్థనలో వణుకు ఆగితే ఆమె కార్డును కొడుకు కుడివైపుకి మార్చాడు. సోమవారం పొద్దున వణుకు మళ్లీ వచ్చింది.

"నువ్వు కార్డు వెనక్కి తగిలించడం చూశాను అబ్బాయ్. అప్పుడే రావాల్సింది. రెండు మలుపులు నడవడానికి నాకు గంట పడుతుంది. గొళ్లెం తియ్యడానికి ఇంకో అరగంట. దొంగతనానికి పనికిరాను."

పలకరింపుల అక్క నవ్వింది. ఎన్ని వారాల తర్వాతో.

"నీళ్లు తాగించబోయి సగం మెడ మీద పోసింది," అంది భర్తతో ఫిర్యాదు చేస్తున్నట్టు.

"బాప్తిస్మం అనుకో," అంది ఇస్త్రీ అత్త.

ఆమె వెళ్లేటప్పుడు అతను మలుపు దాకా తోడు వెళ్లాడు. దారిలో ఆమె చెప్పింది. "మీ ఆవిడ ప్రతి బుధవారం వచ్చేది. ఈ చేతులతో గోళ్లు తీసుకోలేను కదా. కత్తిరించి పెట్టేది. కుడివైపు కార్డుల వాళ్లందరి ఇళ్లకీ ఆమె ఒక్కతే వెళ్లేది. ఎందుకమ్మా అంటే, ఎడమవైపు వాళ్లకి అందరూ ఉన్నారుగా అత్తా అనేది." ఆగి ఊపిరి తీసుకుంది. "నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అతను అడగలేదు. టీ అడిగాడు.

ఇస్త్రీ అత్త మరుసటి బుధవారం కూడా వచ్చింది. ఆ పై సోమవారం పొద్దున అతను పనికి వెళుతూ విడిపోయిన ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు. భార్య చెయ్యి చాపింది.

"ఇప్పుడెందుకులెండి. ఉండనివ్వండి."

"రెండు రోజుల్లో తెస్తా. కొత్తదానిలా చేస్తా చూడు."

ఏదో ఒకటి, తన చేతికి తెలిసిన పని ఒక్కటైనా ఆమెకు చేయాలనిపించింది. ఆ సోమవారమంతా యజమాని పని పక్కనపెట్టి దానిమీదే కూర్చున్నాడు. పాత జిగురు గీకేశాడు. వెన్ను మొత్తం విప్పి, మైనం పట్టించిన దారంతో ప్రతి మడతా కొత్తగా కుట్టాడు. అంచులు సమంగా కోశాడు. మంగళవారం పొద్దున నల్లగుడ్డ అట్ట వేసి, జిగురు ఆరడానికి నొక్కుడు మరలో పెట్టి పిడి బిగించాడు. అంత మంచి పని అతను ఎప్పుడూ చెయ్యలేదు.

మంగళవారం సాయంత్రం గొళ్లెం తీసేసరికి ఆమెలో ప్రాణం లేదు. మంచం మీదే ఉంది. ముఖం తలుపువైపు తిప్పి ఉంది. చెయ్యి స్టూలు మీద ఉంది, పుస్తకం ఎప్పుడూ ఉండే చోట. ఆ చోట మాత్రల సీసా తప్ప ఏమీ లేదు. ఏ గంటకు పోయిందో చెప్పే మనిషి లేడు.

ఆ వార్త తెలిసిన గంటలో ఇల్లు పట్టలేదు. మెట్ల మీద, సందులో, వీధి మలుపు దాకా మనుషులు. ఎవరో కుర్చీలు తెచ్చారు. ఎవరో వంటగదిలో చొరబడి గిన్నెలన్నీ తోమేశారు. టైపిస్టు ఆమె శరీరాన్ని కడిగి బట్టలు మారుస్తూ, ప్రతి వేలూ విడివిడిగా తుడుస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. అతను గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. వీళ్లలో ఒక్కరు. ఒక్క మధ్యాహ్నం. అదే మాట బుర్రలో గానుగెద్దులా తిరిగింది.

బుధవారం భూస్థాపనకు ముందు పాస్టరుగారు దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "అక్కకు ఇష్టమైన భాగం చదువుదాం. అదేదో చెప్పండి."

అతనికి తెలియదు. ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని చదువుతుంటే చూశాడు. ఏం చదువుతోందో చూడలేదు. పుస్తకం చెబుతుందిలే అనుకున్నాడు. మనిషిని పంపి మరలోంచి తెప్పించాడు. చేతిలోకి తీసుకుని, వెన్ను మీద నిలబెట్టి, రెండు చేతులూ వదిలేశాడు, ఎన్నో వందల పుస్తకాలతో చేసినట్టే. ఆ పాత పుస్తకమైతే కళ్లు మూసుకుని వదిలినా ఆమె చోటికే వెళ్లేది. ఇది తెరుచుకోలేదు. గట్టిగా, కొత్తగా, మూసుకునే ఉంది. మళ్లీ నిలబెట్టాడు. మధ్యలో ఎక్కడో వంశావళుల దగ్గర కొద్దిగా విచ్చుకుని ఆగిపోయింది. ఆమె మిగిల్చి వెళ్లిన గుర్తు అదొక్కటే. దాన్ని తనే విప్పి, గీకి, సమంగా కోసి, బిగించేశాడు.

"మీకు తోచింది చదవండి అయ్యగారూ," అన్నాడు.

పాస్టరుగారు చదివారు. ఆమెకు సంపూర్ణ స్వస్థత దొరికిందని చెప్పారు. కార్డు ఉండాల్సిన వైపే ఉందని ఎవరో పక్కన గొణిగారు. మేకుల మావయ్య అతని కళ్లలోకి చూడలేక గుంతకు అవతలివైపు నిలబడ్డాడు.

ఆ వారమంతా అతను పనికి పోలేదు, మందిరానికి పోలేదు, ప్రార్థన చెయ్యలేదు. చెయ్యకూడదనే పంతం కాదు. లోపల వెతికితే ఏమీ దొరకలేదు. తిని పడేసిన పళ్లెంలా ఉన్నాడు. వచ్చినవాళ్లు వచ్చారు, పోయినవాళ్లు పోయారు. మళ్లీ బుధవారం వచ్చింది. మధ్యాహ్నం, ఏం చెయ్యాలో తోచక, మేకుకు వేలాడే ఆమె గుడ్డసంచి దించి మంచం మీద బోర్లించాడు. అందులో కరపత్రాలుంటాయని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఒక దువ్వెన పడింది. పళ్ల సందుల్లో పొడవాటి నల్లవెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఆమెవి కావు. ఆమె జుట్టు ఎప్పుడో నెరిసింది. కొబ్బరినూనె సీసా, ఒక చిన్న తువ్వాలు. గోళ్ల కత్తెర.

అతను కత్తెర తీసుకుని జేబులో వేసుకున్నాడు. పుస్తకం స్టూలు మీద ఉంది. దానివైపు చూశాడు, తీసుకోలేదు.

ఇస్త్రీ అత్త తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. లోపల గొళ్లెం టకటకా కొట్టుకోవడం వినబడుతూనే ఉంది. అతను ఓపిగ్గా నిలబడ్డాడు. ఆమె ఏమీ అడగకుండా కిటికీ పక్క కుర్చీ చూపించింది. గోళ్లు పెరిగి వంకరలు తిరిగాయి. ఒకచోట అరచేతిలోకి గుచ్చుకుని పుండు పడింది.

"ప్రార్థన చెయ్యడానికి వచ్చావా అబ్బాయ్?"

"రాదు అత్తా. పోయింది."

"ఊఁ." ఆమె వణికే చెయ్యి చాపింది.

అతను ఆ చేతిని పట్టుకున్నాడు. గూటిలోంచి పడ్డ పిట్టలా అది కొట్టుకుంది. కాగితాల అంచులు సూటిగా కోసే చేతులు అతనివి. కత్తెర పెట్టబోతే చెయ్యి జారిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

"ఆమె ఎలా చేసేదత్తా?"

"చంకలో ఇరికించుకునేది. మేకపిల్లని పట్టుకున్నట్టు."

అతను ఆమె ముంజేతిని తన చంక కింద ఇరికించుకుని, ఆమె అరచేతి మీదికి వంగాడు. వణుకు ఆగలేదు గానీ, అతని పక్కటెముకలకు తగిలి కొంచెం తగ్గింది.

"ఇక్కడికొచ్చినప్పుడు ఏ వాక్యం చదివేది?" తల ఎత్తకుండానే అడిగాడు. "ఏ భాగమో నీకు గుర్తుందా?"

ఇస్త్రీ అత్త చాలాసేపు ఆలోచించింది.

"చదివింది లేదు నాయనా. చేతులెక్కడ ఖాళీగా ఉండేవి?"

మొదటి గోరు తెగి నేల మీద పడింది. అతనికి కళ్లు మసకలు కమ్మాయి. రెప్పలు గట్టిగా మూసి తెరిచి, రెండో వేలు పట్టుకున్నాడు. ఇంకా ఎనిమిది ఉన్నాయి.